రెండవ డికాక్షను లేని కాఫీ

ప్రాతఃకాలమున గృహిణి చేయు పనులలో కాఫీ కాచుట మిక్కిలి చిన్నపని. కాని యా చిన్నపని చెడినచో నాటి యుదయమంతయు చెడినట్లే యుండును. డికాక్షను పలుచనైనను, చేదెక్కినను ఇంటిలోనివారు నోరు తెఱచి యేమియు ననకపోవచ్చును. గ్లాసులో సగము మిగిల్చి లేచిపోవుదురు. ఆ మిగిలిన సగము గ్లాసు చెప్పు మాట మనకందఱకును తెలిసినదే. కావున కాఫీని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట వృథాకాలక్షేపము కాదని తలంచుచున్నాను.

ఈమధ్య మన పట్టణములలోని యిండ్లలోను, విదేశములలో కాపురముండు మన పిల్లల యిండ్లలో మఱింత తఱచుగాను, ‘మోకా పాట్’ అను నొక కాఫీపాత్ర కనబడుచున్నది. ఎనిమిది పలకలుగల అల్యూమినియపు కూజావలె నుండి, నడుము సన్నగా, మూతపై చిన్న గుబ్బతో చూచుటకు ముచ్చటగా నుండును. విద్యుచ్ఛక్తితో పనిలేదు, పొయ్యిమీద పెట్టిన చాలును. దీనిని కొన్నవారిలో పలువురు నాలుగునాళ్లు వాడి, చేదనియు మాడువాసన యనియు విసిగి అటకమీదికి చేర్చుచున్నారు. మా యింటికి దీనిని మా చెల్లెలికూతురు ఇటలీదేశమున మిలాను నగరమున చదువు ముగించి వచ్చుచు తెచ్చియిచ్చినది. సంవత్సరమునకు పైగా ప్రతిదినము వాడుచున్నాను. పాత్రయందు దోషము లేదనియు, దాని స్వభావమెఱిగి నడపుకొన్నచో చక్కని కాఫీ నిచ్చుననియు నాకు నిశ్చయమైనది. ఆ సంగతులను, దానివలన మా యింట వచ్చిన యొక చిన్న మార్పును సోదరీమణులతో చెప్పుకొనవలెనని నా కోరిక.

ఈ పాత్ర పుట్టినది ఇటలీదేశపు ఉత్తరభాగమునగల పియెమోంటె సీమలో. ఆల్ఫోన్సో బియాలెట్టి యను నతడు ఫ్రాన్సుదేశమున అల్యూమినియపు పని నేర్చి, స్వదేశమునకు మరలివచ్చి క్రుసినాల్లో యను నూర కార్ఖానా పెట్టుకొనెను. 1933వ సంవత్సరమున నతని కార్ఖానానుండి యీ పాత్ర వెలువడెను. దీని పుట్టుకనుగూర్చి యొక కథ చెప్పుదురు. ఆ కాలమున నచ్చటి స్త్రీలు బట్టలను పెద్ద బానలో నుడికించి యుతుకుచుండిరి. ఆ బాన నడుమ నొక గొట్టముండును. అడుగున నీరు మరగినప్పుడు సబ్బునీరు గొట్టముగుండ పైకెగసి బట్టలమీద పడుచుండును. దానిని చూచియే కాఫీపాత్ర యాలోచన పుట్టెనట. కథలో నిజమెంతయైనను, పాత్ర పనిచేయు తీరు మాత్రము ఆ చాకిరేవు బాన తీరే. అంతకు ముందు చిక్కని కాఫీ కావలసినవారు అంగడికిపోయి పెద్ద యంత్రమువద్ద త్రాగవలసియుండెను. అంగడిలో కూర్చుండువారు ఎక్కువగా పురుషులు. ఈ చిన్నపాత్ర ఆ కాఫీని వంటయింటికి తెచ్చినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము బియాలెట్టి కుమారుడు రెనాటో దీనికి గొప్ప ప్రచారము చేసి ఇటలీలోని యింటింటికి చేర్చెను. అతడు 2016వ సంవత్సరమున మరణించినప్పుడు అతని చితాభస్మమును పెద్ద మోకాపాత్రలోనే యుంచిరి.

మోకా యనునది యెమెను దేశమునందలి యొక రేవుపట్టణము. వెనుకటి శతాబ్దములలో ప్రపంచపు కాఫీగింజలు ఎక్కువగా ఆ రేవునుండియే యోడలెక్కుచుండెను. పదునేడవ శతాబ్దమున బాబా బుడాన్ అను సూఫీ మహాత్ముడు మక్కాయాత్రనుండి వచ్చుచు ఆ రేవునుండియే యేడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. కనుక ఇటలీవాని పాత్ర పేరును, మన కాఫీతోటల మూలమును ఒక్కచోటికే పోయి చేరుచున్నవి. ఈ పాత్ర మనకంత పరాయిది కాదన్నమాట.

ఇక పాత్ర నిర్మాణము. దీనికి మూడు భాగములు. క్రిందిపాత్రలో నీరు, దానిలో దిగునట్టి గరాటులో కాఫీపొడి, పైపాత్రలో తయారైన కాఫీ. క్రిందిపాత్రకును పైపాత్రకును మరలున్నవి. బిగించినచో లోపలినుండి గాలి బయటికి పోదు. నడుమ, కుక్కరుమూతకుండునట్టి రబ్బరు గ్యాస్కెటు, చిల్లుల బిళ్ల యుండును. పొయ్యిమీద పెట్టినప్పుడు నీటిపైనున్న గాలి వేడెక్కి వ్యాకోచించును; ఆవిరియు దానితో చేరును. ఆ రెండును నీటిని క్రిందికి నొక్కగా, నీరు వేఱుదారిలేక గరాటు కాడగుండ పైకెక్కి, పొడిలోనుండి చొచ్చుకొనిపోయి, పైపాత్రలో ఊటవలె దిగును. మన ఫిల్టరులో నీరు తన బరువుచేత బొట్టుబొట్టుగా దిగును. దీనిలో ఆవిరిచేత నెట్టబడి పైకెక్కును. భేదమంతయు నిదియే. అంగడిలోని ఎస్ప్రెస్సో యంత్రపు పీడనములో దీనిది ఆఱవపాలు మించదు. కావున ఆ నురుగు, ఆ చిక్కదనము దీనినుండి కోరరాదు. ఫిల్టరు డికాక్షనుకంటె చుఱుకుగా, సువాసనగా నుండు కాఫీ యిచ్చును. అదియే దీని ధర్మము.

చేదెందుకు వచ్చును? కాఫీపొడిలోని సారములన్నియు నొకేసారి నీటిలో దిగవు. మొదట పులుపును సువాసనయు, తరువాత తీపి, కడపట చేదును వగరును దిగును. క్రిందిపాత్రలో నీరు కాడ మొదలుకంటె దిగువకు పోయినతోడనే, నీటికి మారుగా మండుచున్న ఆవిరి పొడిలోనికి దూరును. అప్పుడు గుడగుడమని శబ్దమగును. ఆ శబ్దము వినవచ్చుదాక పొయ్యిమీద నుంచినచో, చివరిచేదు నంతను పిండి కాఫీలో పోసినట్లే. మాడువాసనకు రెండవ కారణము పెద్దసెగ. మూడవది, చల్లనినీటితో మొదలుపెట్టి చాలసేపు కాచుట. నీరు వేడెక్కువఱకును పాత్ర లోహమంతయు కాలి, పొడి పొడిగానే వేగుచుండును. ఈ మూడింటిని తప్పించిన సగము పని యైనట్లే.

నేను చేయు విధము చెప్పెదను. మా పాత్ర మూడుకప్పులది. ఇటలీవారి కప్పు మిక్కిలి చిన్నది గనుక మూడుకప్పులనగా మొత్తము సుమారు 120 మిల్లీలీటర్ల కాఫీయే. దీనికి 150 మిల్లీలీటర్ల నీరును, 15 గ్రాముల పొడియు పట్టును. ముందుగా త్రాగునీటిని వేఱుగిన్నెలో మరగబెట్టి క్రిందిపాత్రలో పోయవలెను. బోరునీరు వలదు, ఆ నీటిలోని సున్నము పాత్ర యడుగున పేరుకొనుటయే గాక కాఫీ రుచిని చప్పబఱచును. క్రిందిపాత్ర ప్రక్కన నొక చిన్న ఇత్తడి సేఫ్టీవాల్వుండును. నీరు దానికి దిగువగానే నిలువవలెను, అది మునుగరాదు. వేడినీరు పోసిన పాత్ర చేయి కాల్చును గనుక మందపు గుడ్డతో పట్టుకొని పైపాత్రను బిగించవలెను. బిగించునప్పుడు పిడిని పట్టి త్రిప్పరాదు; పిడి విఱుగును.

పొడి విషయమున జాగ్రత్త యవసరము. మైదాపిండివలె మెత్తనైనచో నీటిదారి మూసికొనిపోవును. రవ్వవలె ముతకయైనచో నీరు సారము తీయకుండనే జాఱిపోవును. సన్నని ఉప్పుపొడికి దగ్గఱగా నుండుట మేలు. గరాటునిండ పొడిపోసి, వ్రేలితో తట్టి సమము చేసిన చాలును. ఫిల్టరులో పొడిని అదిమిపెట్టు అలవాటు మనలో పలువురికి కలదు. ఇచ్చట నది పనికిరాదు. అంచున పొడి రేణువులున్నచో గ్యాస్కెటు సరిగా కూర్చొనక ప్రక్కలనుండి ఆవిరి కాఱును. గనుక అంచు తుడిచి బిగించవలెను. చికోరి కలిసిన పొడి తడిసి ముద్దకట్టును. దీనికి చికోరి లేని పొడియే యుత్తమము. చికోరి రుచికి అలవడినవారు ఫిల్టరునే వాడుకొనుట మంచిది.

గింజలలో అరబికా, రోబస్టా యని రెండు జాతులు ముఖ్యములు. అరబికా సువాసన గలది, మెత్తనిది. రోబస్టా చేదు, ఘాటు. రోబస్టాలో కెఫీను అరబికాలో కంటె ఇంచుమించు రెండింతలు. పాలు కలుపుకొను మనవారికి కొంచెము రోబస్టా చేరినచో కాఫీ పాలలో మునిగిపోక నిలుచును. నేను మన అరకులోయ అరబికాను మూడుపాళ్లు, రోబస్టాను నొకపాలు కలిపి మర పట్టించుచున్నాను. అరకుకొండలలో పెద్దచెట్ల నీడను గిరిజనులు పెంచు కాఫీ యది. ఆ చెట్లకే మిరియపు తీగలు ప్రాకియుండును. పండిన కాయలను చేతితో ఏరుటలో స్త్రీల శ్రమ మిక్కుటము. అరకు అరబికాకు 2019లో భౌగోళికగుర్తింపు లభించినది. నల్లగా మాడ్చి వేయించిన గింజలు ఈ పాత్రకు సరిపడవు. ఎఱ్ఱగా, నడిమితరముగా వేగినవి కొనవలెను. పదునైదుదినములకు సరిపడునంత మాత్రమే పొడి కొట్టించి, గాలిచొఱని డబ్బాలో నుంచవలెను.

సెగ సన్నగా నుండవలెను. మంట పాత్ర యడుగును దాటి ప్రక్కలకు ఎగబ్రాకరాదు. పిడియు కాలును, కాఫీయు మాడును. మన గ్యాసుపొయ్యి కమ్ములమీద ఇంత చిన్నపాత్ర నిలువదు. చిన్న జాలీబిళ్లగాని, పలుచని పెనముగాని క్రింద పెట్టుకొనవచ్చును. ఇండక్షను పొయ్యిపై అల్యూమినియపు పాత్ర కాగదు. దానికి తగిన ఉక్కుపాత్ర వేఱుగా దొరకును. మూత తెఱచి యుంచి దగ్గఱనే నిలుచుండుడు. నాలుగైదు నిమిషములలో చిక్కని నల్లని ధార నెమ్మదిగా నూఱుటకు మొదలిడును. క్రమముగా రంగు తేలి తేనెవన్నె కనబడును. అప్పుడే దింపవలెను, గుడగుడ శబ్దము రానీయరాదు. దింపినను లోపలివేడిచేత కాఫీ యింకను వచ్చుచుండును గనుక, పాత్ర యడుగును తడిగుడ్డమీద పెట్టినచో వెంటనే నిలుచును.

ఇప్పుడొక ముఖ్యమైన పని. పైపాత్రలో మొదట వచ్చిన కాఫీ అడుగున చిక్కగాను, చివర వచ్చినది మీద పలుచగాను ఉండును. చెంచాతో కలియద్రిప్పకుండ పోసినచో నొకరి గ్లాసులో ఘాటును, వేఱొకరి గ్లాసులో నీళ్లును పడును. కలియద్రిప్పి పోసినచో అందఱి గ్లాసులును సమానము. పాలు వేఱుగా కాచి, చిక్కగా నుండగనే, కాఫీకి రెండింతలు కలుపుదును. పాలు పాత్రలో పోసి కాచుట యెన్నటికిని కూడదు. అంటుకొని గొట్టము మూసికొనును.

శుభ్రత సంగతి. పాత్ర చల్లాఱక మునుపు మరలు విప్పరాదు. పొడి తీసివేసి, వేడినీటితో మూడుభాగములను కడిగి, తుడిచి, బిగింపక విడివిడిగా నాఱబెట్టవలెను. తడితో బిగించి పెట్టినచో లోపల తెల్లని బూజువంటిది పట్టును. కడుగకున్న రుచి పెరుగునని కొందఱందురు గాని, పొడిలోని నూనె అంటియుండి పాతబడి కంపుకొట్టుటయే జరుగును. చింతపండుతోను, ఉక్కుపీచుతోను తోమరాదు. ఇత్తడికి మెఱుగిచ్చునదే అల్యూమినియమును కొఱికివేయును. గ్యాస్కెటు గట్టిపడినచో మార్చవలెను. సేఫ్టీవాల్వు మూసికొనిపోలేదని అప్పుడప్పుడు చూచుకొనవలెను. కుక్కరును వాడ నేర్చిన మనకివి క్రొత్తసంగతులు కావు.

ఇంతవఱకు పాత్ర గుణములు చెప్పితిని. దాని గుణములలో నొకదానిని నేను ముందుగా నూహింపలేదు. ఈ పాత్రలో రెండవ డికాక్షను రాదు.

రెండవ డికాక్షననగా నేమో మన యిండ్లలో పెరిగిన ప్రతిస్త్రీకిని తెలియును. ఫిల్టరులో మొదట దిగిన చిక్కని డికాక్షను ఇంటి యజమానికి, అతిథులకు, అల్లునికి. అదే పొడిమీద మరల వేడినీరు పోయగా దిగినది తరువాతివారికి. ఆ తరువాతివారిలో కడపటిది ఎవరనగా, దానిని కాచినదే. ఇట్లు చేయుమని యే శాస్త్రమునను వ్రాసియుండలేదు. పొడి ప్రియమైనది, కుటుంబము పెద్దది, పొదుపు చేయవలెను. ఆ పొదుపు ఎచ్చట తెగవలయునో యడుగకుండనే తెలిసిపోయినది.

మా అత్తగారికిప్పుడు ఎనుబదిరెండేండ్లు. పదునెనిమిదవయేట ఆ యింట కాలుపెట్టిననాడు పండ్రెండుమంది కుటుంబము. తెల్లవాఱుజామున లేచి, పాలు కాచి, పండ్రెండు గ్లాసులు నింపి పంపి, వంటయింటి గడపవద్ద నిలుచుండియే తన గ్లాసు త్రాగుచుండెడిదట. కుటుంబములు వేఱుపడి, మామగారు గతించి, ఇంట మేము మువ్వురమే మిగిలినను ఆమె యలవాటు మాఱలేదు. ‘‘నాకు పలచగా ఉంటేనే పడుతుంది’’ అనుచుండెడిది. అది యామె రుచియని యింటిలో పేరు పడినది.

మోకాపాత్ర వచ్చిన క్రొత్తలో నొక ఉదయమున కాఫీని కలియద్రిప్పి మూడుగ్లాసులలో సమముగా పోసి ఆమెకొకటి యిచ్చితిని. ఒక గుక్క త్రాగి గ్లాసువంక చూచినది.

‘‘అమ్మాయీ, గ్లాసు మారిందేమో చూడు. ఇది అబ్బాయిది కాబోలు.’’

‘‘లేదత్తయ్యగారూ. అందరిదీ ఒకటే. ఇందులో రెండో డికాక్షను రాదు.’’

ఆమె మఱేమియు ననలేదు. మెల్లగా, గుక్కకు గుక్కకు నడుమ నాగుచు త్రాగినది. గ్లాసు క్రింద పెట్టిన తరువాత చాలసేపటికి, ‘‘మీ మామగారు పొద్దున్నే కాఫీ కాఫీ అని ఎందుకంత తొందరపడేవారో నాకిప్పుడు తెలిసింది,’’ అన్నది.

అరువదియేండ్లకు పైగా తన చేతులతో కాచి యిచ్చిన దాని రుచి యామెకు ఆనాడు తెలిసినది. ఆ మాటలో ఫిర్యాదు లేదు, ఆశ్చర్యమే యున్నది. ఫిర్యాదున్నచో నాకంత బాధ కలుగకపోవును. మఱునాడు మేము పిలువకమునుపే వచ్చి, గడపవద్ద నిలువక, బల్లవద్ద కుర్చీ లాగికొని కూర్చున్నది. నాటినుండి ఆ కుర్చీ యామెదే. వయస్సునుబట్టి ఉదయమొక గ్లాసు మాత్రమే యిచ్చుచున్నాను. ఆ యొక్కటి మాత్రము మొదటితరపుది.

ఇది చదివి సోదరీమణులు ఫిల్టరులను పాఱవేసి మోకాపాత్రలు కొనవలెనని నా యభిప్రాయము కాదు. పదిమందియున్న యింటికి ఈ పాత్ర చాలదు. దీనిని సగమునింపి కాచుటకు వీలులేదు. ఏ కొలత పాత్రను ఆ కొలతకే నింపవలెను. బంధువులు వచ్చినప్పుడు మా యింటను ఇత్తడి ఫిల్టరే దిగును. కాని యిప్పుడు నేను మొదటి డికాక్షనును రెండవదానిని ఒక్కగిన్నెలో కలిపి, ఆ మీదటనే గ్లాసులలో పోయుచున్నాను. పొడి యొక చెంచా యెక్కువ పట్టును. నెలకా చెంచాల వెల లెక్కవేసి చూచితిని. మా యింటి జమాఖర్చులో నది గుర్తింపదగినంత మొత్తము కాదు. వచ్చినవారెవ్వరును కాఫీ పలుచనైనదని యనలేదు.

మంచికాఫీకి మంచిగింజ, మంచినీరు, సన్నసెగ, సమయమునకు దింపుట, ఈ నాలుగును చాలునని పాత్రతోపాటు వచ్చిన కాగితములో నున్నది. నేను దానికి కలియద్రిప్పుటను చేర్చుచున్నాను. రేపటి యుదయమున కాఫీ పోయునప్పుడు మీ గ్లాసును వరుసలో కడపట పెట్టక తక్కినవానితోపాటే పెట్టి నింపుడు. ఇంటిలోనివారు గమనింతురో లేదో చెప్పలేను. మీ నాలుకకు మాత్రము భేదము తెలియును.